సిమియోనె పడిపోయిన చోటు

1998 జూన్ 30. ఫ్రాన్స్‌లోని సెంట్ ఎటియెన్‌లో వరల్డ్ కప్ నాకౌట్ మ్యాచ్. అర్జెంటీనా, ఇంగ్లండ్ 2-2తో సమంగా ఉన్నాయి. సెకండాఫ్ మొదలైన కాసేపటికే అర్జెంటీనా మిడ్‌ఫీల్డర్ డియెగో సిమియోనె వెనకనుంచి వచ్చి డేవిడ్ బెక్‌హామ్‌ని పడగొట్టాడు. బోర్లాపడ్డ బెక్‌హామ్ కోపంతో కాలు విసిరాడు. అది సిమియోనె పిక్కకి తగిలింది. పెద్ద దెబ్బేం కాదు. అయినా సిమియోనె కుప్పకూలాడు. రిఫరీ సిమియోనెకి పసుపు కార్డు, బెక్‌హామ్‌కి ఎర్ర కార్డు చూపించాడు. పెనాల్టీ షూటౌట్‌లో అర్జెంటీనా గెలిచింది. లండన్‌లో ఒక పబ్ బయట బెక్‌హామ్ దిష్టిబొమ్మని ఉరితీశారు.

దెబ్బని ఎక్కువ చేసి చూపించానని కొన్నేళ్ల తర్వాత సిమియోనె తనే ఒప్పుకున్నాడు. నన్ను ఇబ్బంది పెట్టేది ఆ పడిపోవడం కాదు, ఈ మనిషంటే నాకు గౌరవం ఉండటం.

2011 డిసెంబర్‌లో అతను కోచ్‌గా అట్లెటికో మాడ్రిడ్‌కి తిరిగొచ్చాడు. 1996లో ఆటగాడిగా లీగ్ గెలిపించిన క్లబ్బే అది. 2014లో, తమకన్నా ఎంతో డబ్బున్న రియల్ మాడ్రిడ్, బార్సిలోనాలని దాటి మళ్లీ లీగ్ గెలిచారు. ఆ జట్టు ఆట చూస్తే ఒకటి తెలుస్తుంది: అక్కడ ఎవరూ పరిగెత్తినట్టు నటించలేరు. ఒకడు తన చోటు వదిలితే ఆ ఖాళీని పక్కవాడు పూడ్చాలి. శ్రమ విషయంలో బేరాల్లేవన్నది సిమియోనె సూత్రం. ఇంతకన్నా నిజాయితీగా ఉండే పనిచోటు నేను చూళ్లేదు.

మరి ఆ నిజాయితీ, ఈ నటన ఒకే మనిషిలో ఎలా ఇమిడాయి?

చాలాకాలం వాటిని విడదీసి చూశాను. ఆటగాడి తప్పు వేరు, కోచ్ గొప్పతనం వేరు అనుకున్నాను. ఇప్పుడలా అనిపించట్లేదు. రెండూ ఒకే వేరునుంచి వచ్చాయి. తనవాళ్ల కోసం ఏదైనా చేస్తాడు: వాళ్ల కోసం పరిగెడతాడు, వాళ్ల కోసమే పడిపోతాడు కూడా. విధేయత అనే నీతికి ఒక గీత ఉంటుంది. గీత లోపలివాళ్లకి అబద్ధం చెప్పకూడదు. బయటివాళ్లు లెక్కలోకి రారు.

దిష్టిబొమ్మని ఉరితీసింది సిమియోనె కాదు కదా, అనొచ్చు. నిజమే. బెక్‌హామ్ కాలు విసరకుండా ఉండాల్సింది, అదీ నిజమే. కానీ ఒప్పుకోలు విషయం అలా తేలిపోదు. గెలుపు చేతికొచ్చాక, ఖర్చేమీ లేనప్పుడు చెప్పిన నిజం అది. రిఫరీ కార్డు తీస్తున్నప్పుడు లేచి నిలబడి “అంత దెబ్బ కాదు” అని ఉంటే, దాన్ని మోసేది తన జట్టే. నిజానికి ధర ఉన్నది ఆ కొద్ది క్షణాల్లోనే.

నేనైతే లేచి నిలబడేవాణ్ణా? “ఇంట్లోవాళ్ల కోసమే కదా” అనుకుంటూ నేను చెప్పిన అబద్ధాలు గుర్తొస్తాయి. వాటిలో ప్రతిదానికీ గీత బయట ఒక బెక్‌హామ్ ఉండే ఉంటాడు. అతని పేరు కనుక్కోవాలని నాకెప్పుడూ అనిపించలేదు.