గురి తప్పిన గుండ్లకు బాధ్యులెవరు?

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము 1991లో సవరింపబడి, వేటకు లైసెన్సులిచ్చు పద్ధతి తొలగిపోయినది. కావున పక్షుల వేటను గూర్చిన ధర్మవిచారము మనకు పనిలేనిదని కొందరు తలంపవచ్చును. మనవారనేకులు స్థిరపడిన అమెరికాలో అట్లుగాదు. అచ్చట పలు రాష్ట్రములలో సెప్టెంబరు వచ్చినతోడనే గువ్వల వేటకు ఆరంభము. వేటగాండ్రలో కొందరు తమ తూటాలకు వలయు సీసపు గుండ్లను ఇంటనే పోసికొందురు. ప్రాణిని చంపుట పాపమా కాదా యను పాత వివాదమును మేమిక్కడ ఎత్తుకొనము. గురిపెట్టి కొట్టిన పక్షికి బాధ్యుడైనవాడు గురి తప్పిన గుండ్లకు గూడ బాధ్యుడగునా యనునదే మా ప్రశ్న.

ఆ పనియందు నేర్పు లేకపోలేదు. మోటారు చక్రములకు తగిలించు పాత సీసపు బిళ్లలను పోగుచేసి, కరగించి, తెట్టు తీసివైచి, సన్నని రంధ్రములగుండ బొట్టు బొట్టుగా జార్చి ద్రవములో చల్లార్తురు. సీసము 327 డిగ్రీల సెంటిగ్రేడు వేడికే కరగును గనుక ఇంటి పొయ్యి చాలును. 1782లో బ్రిస్టలు పట్టణపు విలియం వాట్సు పేటెంటు పొందిన పద్ధతియు ఇట్టిదే. ఆయన తన యింటినే ఎత్తు పెంచి, పైనుండి సీసమును నీటిలోనికి జార్చెను. కొంచెము పాషాణము కలిపినచో గుండు గుండ్రముగా వచ్చును. పారవేసిన వస్తువును పనికి తెచ్చుకొనుట, అంగడివానిపై ఆధారపడకుండుట మేము మెచ్చు గుణములే. (తెట్టు ధూళి బట్టలకంటి యింటిలోని పిల్లలను చేరునను భయము వేఱు.)

ఒక తూటాలో ఔన్సు సీసమున్నచో ఏడున్నర నంబరు గుండ్లు సుమారు 350 ఉండును. గువ్వకు తగులునవి కొన్నియే, తక్కినవి నేలపాలు. పక్షులకు దంతములు లేవు. గింజను అరగదీయుటకై అవి చిన్న రాళ్లను మ్రింగి కందనకాయలో నిలుపుకొనును. గుండును రాయియనియో గింజయనియో భ్రమించి మ్రింగును. కందనకాయ దానిని విసరుచుండ, ఆమ్లము కరగించుచుండ, సీసము రక్తమున కలియును. పక్షి రెక్కలు వ్రాలి, దినములకొలది కృశించి చచ్చును. ఆ కళేబరమును తిన్న గ్రద్దకును విషము ప్రాకును.

న్యాయస్థానములలో మేము నిత్యము వాదించు మాట యొకటి గలదు: నిందితునకు ఉద్దేశము లేదని. వేటగాడును అదియే అనును. కాని ఉద్దేశము లేకపోవుట ఎఱుగనివానికి రక్ష. ఎఱిగినవానియందు అది అలక్ష్యమగును. జార్జి బర్డ్ గ్రిన్నెల్ తాను వేటగాడయ్యును 1894లోనే ఈ విషమును గూర్చి పత్రికలో వ్రాసెను. నీటిపక్షుల వేటలో సీసము అమెరికా యంతటను నిషిద్ధమగుటకు 1991 వరకు పట్టినది. దాదాపు నూరేండ్లు! కాలిఫోర్నియా 2019 నుండి ఏ వేటయందును సీసమును ఒప్పదు. గువ్వల వేటలో పెక్కు రాష్ట్రములు నేటికిని ఒప్పుచున్నవి. చట్టము విడిచినదానిని ధర్మమును విడిచినదని ముందుగా పొరబడువారు మా వృత్తివారే.

ఉక్కు గుండ్లతో ఈ విషము లేదు. కాని వానిని ఇంటి పొయ్యిమీద పోయుట సాధ్యముగాదు, కొనవలెను. సంపన్నునకిది లెక్కలోనిది గాదు. కూలి డబ్బులో మిగిల్చి, ఏటికొకమాఱు కుమారునితో వేటకు పోవువానికి నష్టమే. దానిని మేము చులుకన చేయజాలము. అయినను అతడు మిగిల్చిన డబ్బునకు వెల చెల్లించునది అతడు చూడని పక్షి. మిగిలిన సీసపు దిమ్మలను ఏమి చేయుట? గాలములకు బరువుగా అమ్ముదమన్న, ఇంగ్లండులో హంసలు మ్రింగి చచ్చుచుండుటచే 1987లో చిన్న సీసపు బరువుల అమ్మకమే మాన్పించిరి. పాతసామాను కొనువానిద్వారా బ్యాటరీలు చేయువారికి తూకమునకు అమ్ముటయే మాకు కనబడు దారి.