చూచివ్రాసిన మార్కులు - తీర్చవలసిన ఋణము

పరీక్షాశాలలో పర్యవేక్షకుని కన్నుగప్పి, చీటీ చూచి వ్రాసిన విద్యార్థికి రెండు ఫలితములు కలుగును. మొదటిది విశ్వవిద్యాలయము ప్రకటించునది. అందు అతడు ఉత్తీర్ణుడు. రెండవది ఎవరును ప్రకటింపనిది. తల్లి ఇరుగుపొరుగు వారికి మిఠాయి పంచుచుండగా, తండ్రి పదిమందిలో కుమారుని పేరు గర్వముగా చెప్పుకొనుచుండగా, అతని లోపల ఏదియో ముల్లువలె కలుక్కుమనును. పట్టుబడలేదన్న ఊరట కొన్ని దినములే. పిమ్మట "ఇది నాది కాదు" అను మాట మిగులును. ఈ మనఃక్షోభను మానవుడు ఏమి చేసికొనవలెను? మరచుటయా? జీవితాంతము మోయుటయా? వేరొక మార్గము కలదా?

సామాన్యముగా మనస్సు రెండు త్రోవలు త్రొక్కును. మొదటిది సాకుల త్రోవ. అందరును వ్రాసిరి, ప్రశ్నపత్రము కఠినముగా నుండెను, అధ్యాపకుడు పాఠము సరిగా చెప్పలేదు అని మనస్సు వాదించును. ఈ మాటలన్నియు నిజమే కావచ్చును. కాని వాటిలో ఏ ఒక్కటియు ఆ సమాధానమును అతని సొంతము చేయజాలదు. రెండవది ఆత్మనింద. "నేను మోసగాడను, దేనికిని పనికిరాను" అని కుమిలిపోవుట పశ్చాత్తాపమువలె కనిపించును. కాని అప్పుపడినవాడు అప్పిచ్చినవాని వాకిట కూర్చుండి ఏడ్చినంత మాత్రమున అప్పు తీరునా? మొదటివాడు అప్పే లేదనును. రెండవవాడు ఏడ్చుచు కూర్చుండును. ఇరువురును తీర్చరు.

పట్టుబడినవానికి ఈ చిక్కు కొంత తక్కువ. అమెరికా అధ్యక్షుడైన జాన్ కెన్నెడీకి తమ్ముడగు ఎడ్వర్డు కెన్నెడీ 1951లో హార్వర్డు విశ్వవిద్యాలయమున చదువుచు, స్పానిష్ భాషా పరీక్షకు తనకు బదులుగా మిత్రుని పంపెను. విషయము బయటపడి ఇరువురును బహిష్కృతులైరి. ఎడ్వర్డు రెండేండ్లు సైన్యమున పనిచేసి, 1953లో తిరిగి ప్రవేశము పొంది, 1956లో పట్టభద్రుడయ్యెను. 1962లో సెనేట్ పదవికి పోటీచేసినపుడు ఆ పాత సంగతి మరల పైకి వచ్చెను. తాను చేసినది తప్పేయని అతడు బహిరంగముగా ఒప్పుకొనెను. ఇచ్చట విద్యాలయమే అతనికి ఆగుమని చెప్పినది; వేచియుండి మరల చదువుమని త్రోవ చూపినది. పట్టుబడనివానికి త్రోవ చూపువారు లేరు. తానే వెదకుకొనవలెను.

అట్లు వెదకుకొన్నవారు లేకపోలేదు. రాజకోట పాఠశాలకు తనిఖీ అధికారి వచ్చిన నాడు, ప్రక్కవాని పలక చూచి తప్పు దిద్దుకొమ్మని ఉపాధ్యాయుడే బూటు కొనతో సైగ చేసినను, బాలుడైన గాంధీకి అట్టి పని చేయవలెనని తోచనేలేదు. ఈ కథ పిల్లలెందరికో తెలియును. అయితే ఆ బాలుడే పదునైదవ యేట, అన్న చేసిన సుమారు 25 రూపాయల అప్పు తీర్చుటకై, అన్న దండకడియము నుండి బంగారపు తునక దొంగిలించెను. రెండు సంగతులను ఆయన తన ఆత్మకథలోనే వ్రాసికొనెను. ఒక మంచి పని మనుజుని కలకాలము కాపాడజాలదు. ఒక చెడ్డ పని అతని బ్రతుకంతయు కాజాలదు. ఆ దొంగతనమును ఎవరును పట్టుకొనలేదు. అయినను భరింపలేక, తప్పును కాగితముపై వ్రాసి, తగిన శిక్ష విధింపుమని కోరి, ఇక దొంగిలింపనని మాట యిచ్చి, రోగశయ్యపైనున్న తండ్రి చేతికి అందించెను. తండ్రి చదివి, కన్నీరు కార్చి, ఆ కాగితమును చించివేసెను.

ఒప్పుకొనుటతో మనస్సు తేలికపడును. మరి తీసికొన్న వస్తువు సంగతి యేమి? దీనికి శరణుల చరిత్రలో సమాధానము కలదు. 12వ శతాబ్దమున కల్యాణమందు ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చుటయే కాయకముగా బ్రతికెను. ఒకనాడు అలవాటుకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. భార్యయగు లక్కమ్మ అంగీకరింపక, అధికమైన దానిని తెచ్చినచోటనే పోసి రమ్మనెను. అది దొంగసొత్తు కాదు. అయినను అవసరమునకు మించినది ఇంట నుండరాదని ఆమె నిశ్చయము. ఆమె నిందతో సరిపెట్టలేదు. బియ్యమును తిరిగి పంపినది. పశ్చాత్తాపమునకు కన్నీళ్లకంటె కాళ్లు ముఖ్యము.

బియ్యమును తిరిగి పోయవచ్చును గాని మార్కులను ఎచ్చట పోయుట? కొంతవరకు పోయవచ్చును. ఆ మార్కుల వలన ఉపకారవేతనమో, బహుమానమో, వేరొకరికి చెందవలసిన స్థానమో లభించియుండినచో దానిని వదలుకొనవలెను. తన తప్పునకు ప్రక్కవాడు శిక్షింపబడియుండినచో మౌనము రెండవ దొంగతనమగును. ఫలితమేదైనను అధికారులకు చెప్పితీరవలెను. ఇట్టి హాని ఎవరికిని కలుగనిచోట కూడ తానే విశ్వవిద్యాలయమునకు తెలిపి, మరల పరీక్ష వ్రాయుటకు సిద్ధపడువాడు ధన్యుడు.

అంతటి ధైర్యము చాలనివానికి సైతము ఒక ఋణము తప్పదు. అది విద్యా ఋణము. మార్కుల పట్టిక "ఇతనికి ఈ శాస్త్రము వచ్చును" అని లోకమునకు చెప్పుచున్నది. ఆ మాట నేడు అసత్యము. దానిని సత్యము చేయు భారము అతనిదే. మొదటి పాఠము నుండి మరల చదివి, తెలిసినవారు అడిగిన ప్రశ్నలకు సమాధానము చెప్పగలుగు నాటికి గాని ఆ భారము దిగదు. రోగికి మందు కొలువవలసినవాడు, వంతెనకు లెక్క కట్టవలసినవాడు ఆ విద్య వచ్చువరకు ఆ పనికి చేయి చాపరాదు.

ఇది చౌకబేరము కాదా యని కొందరడుగవచ్చును. రహస్యముగా తప్పు చేసి, రహస్యముగా చదువుకొని, తాను శుద్ధుడనైతినని తలచుట సులభమే. అందువలననే తండ్రికో, గురువుకో, ఒక్క పెద్దకైనను జరిగినది చెప్పవలెను. సాక్షి లేని పశ్చాత్తాపము తన జవాబుపత్రమునకు తానే మార్కులు వేసికొనుట వంటిది.

ఇక పెద్దల బాధ్యత. ఎన్ని మార్కులు వచ్చినవని అడుగుటయే గాని, ఏమి నేర్చితివని అడుగని ఇంటిలో బిడ్డ నిజము చెప్పుటకు భయపడును. ఆ భయము ముదిరి, ప్రాణము తీసికొనవలెనను తలపు వరకు పోవచ్చును. ప్రాణము తీసికొనుట వలన ఏ ఋణమును తీరదు. బిడ్డ ప్రాణముకంటె ఏ పరీక్షయు పెద్దది కాదు. కావున తల వంచుకొని వచ్చి నిలిచినవానిని పెద్దలు ముందు కూర్చుండబెట్టి, చెప్పినది పూర్తిగా వినవలెను. తీర్చవలసిన దానిని తీర్చుమని పిమ్మట చెప్పవలెను. తిరిగి యిచ్చుటకు వచ్చినవానికి తలుపు తెరచియుంచుట ఇంటి పెద్దలకును, గురువులకును, మఠములకును ఒక కాయకమే.