కృపకు వెల

తమిళనాట ఉండే మనకు ‘ఇలవసం’ అన్న మాట కొత్త కాదు. 2006 ఎన్నికల తర్వాత ఇళ్లకు రంగుల టీవీలు వచ్చాయి. 2011 తర్వాత మిక్సీ, గ్రైండరు, ఫ్యాను వచ్చాయి. వరుసలో నిలబడి తీసుకున్నవాళ్లే, ఇంటికి వచ్చి, ‘ఊరికే ఇచ్చేది ఎన్నాళ్లు పనిచేస్తుందిలే’ అనడం మనం విన్నాం. ఊరికే వచ్చేదాని మీద మనిషికి ఆశ ఎంత ఉంటుందో అనుమానమూ అంతే ఉంటుంది. ఇచ్చేవాడికి ఏదో లాభం ఉండి తీరుతుందని, లేకపోతే ఆ వస్తువులోనే ఏదో లోపం ఉంటుందని మన లోకజ్ఞానం చెబుతుంది.

క్రైస్తవ మతంలోని ముఖ్యమైన మాట ఇలాంటి ‘ఊరికే’ మాటే. రక్షణ అన్నది మనిషి పుణ్యం చేసి సంపాదించుకునేది కాదు, దేవుడు ఉచితంగా ఇచ్చేది అంటారు వాళ్లు. దానికి తెలుగు క్రైస్తవులు వాడే పేరు కృప. కృపారావు, కృపానందం, కృపావరం వంటి పేర్లు ఈ మాట వాళ్ల జీవితంలో ఎంత లోతుకు దిగిందో చెబుతాయి.

నేను క్రైస్తవుణ్ణి కాను. బ్యాంకులో అప్పులూ వసూళ్లూ చూస్తూ ముప్పై ఏళ్లు గడిపినవాణ్ణి. ఈ సిద్ధాంతం మీద నాకు ఆసక్తి కలగడానికి కారణం దాని భాష. అది మా కౌంటరు భాష. పాపాన్ని ఋణమంటారు. విమోచన అంటారు, తాకట్టు పెట్టినదాన్ని విడిపించుకోవడం మాకు విమోచన. తెలుగు బైబిలులో హెబ్రీయులకు రాసిన పత్రికలో క్రీస్తును ‘పూటకాపు’ అన్నారు. అంటే జామీను నిలిచినవాడు. ఇన్ని బాకీ మాటలున్న చోట బ్యాంకు మనిషికి ఒక ప్రశ్న రాక మానదు. బాకీని ఊరికే కొట్టేస్తే న్యాయం సంగతేమిటి? ఇన్నాళ్లూ వేళకు కట్టినవాడి ముఖం ఎలా చూడాలి?

ఇది గాలిలోంచి పుట్టిన ప్రశ్న కాదు. 2008 ఫిబ్రవరి 29న కేంద్ర బడ్జెట్‌లో చిదంబరం గారు రైతుల ఋణమాఫీ ప్రకటించారు. అప్పటి అంచనా 60 వేల కోట్ల రూపాయలు. రెండు హెక్టార్ల లోపు భూమి ఉన్న సన్న, చిన్నకారు రైతులకు అర్హమైన బాకీ మొత్తం రద్దు. మిగతావాళ్లు 75 శాతం కడితే 25 శాతం తగ్గింపు. షరతులు స్పష్టంగా ఉన్నాయి. అప్పు 2007 మార్చి 31 లోపు తీసుకున్నదై ఉండాలి, ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి గడువు దాటి ఉండాలి, 2008 ఫిబ్రవరి 29 దాకా కట్టకుండా ఉండాలి. మాఫీ పొందినవాళ్ల జాబితా శాఖల్లో గోడకు అంటించారు.

ఆ జాబితా ముందు నిలబడి కెలవరపల్లి వైపు నుంచి వచ్చిన ఒక రైతు తన పేరు వెదుక్కున్నాడు. లేదు. సంక్రాంతి లోపలే ఆయన బాకీ అంతా కట్టేశాడు. పక్క చేను ఆయన కట్టలేదు. ఆయన పేరు ఉంది. ఈ రైతు నా బల్ల దగ్గరికి వచ్చి, ‘అట్లయితే కట్టిన నేనే ఎర్రోన్నా సార్? ఇంటామె కమ్మలు అమ్మి కడితిని గదా’ అన్నాడు. ఆయన గొంతులో కోపం కంటే అవమానం ఎక్కువగా ఉంది. నిబంధనలు చదివి వినిపించాను. అవి ఆయన ప్రశ్నకు జవాబు కావని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

ఈ ప్రశ్న రెండు వేల ఏళ్ల పాతదని తర్వాత బైబిలు చదివినప్పుడు తెలిసింది. లూకా సువార్తలో తప్పిపోయిన కుమారుడి కథ చాలామంది విన్నదే. ఆస్తి పంచుకుపోయి తగలేసి వచ్చిన చిన్నవాడికి తండ్రి విందు చేస్తాడు. పొలంలో పని చేసి వచ్చిన పెద్దవాడు వాకిట్లోనే నిలబడిపోతాడు. ఇన్నేళ్లూ చాకిరీ చేసిన నాకు ఒక మేకపిల్లనైనా ఇవ్వలేదే అన్నది వాడి బాధ. మత్తయి సువార్తలో ద్రాక్షతోట కూలీల కథ ఇంకా గట్టిది. తెల్లవారి వచ్చినవాడికీ, పొద్దుగూకే ముందు ఒక్క గంట పని చేసినవాడికీ యజమాని ఒకే దేనారం ఇస్తాడు. పొద్దున్నుంచి ఎండలో మాడినవాళ్లు సణుగుతారు. ఏ కూలీ సంఘమైనా వాళ్ల పక్షమే మాట్లాడుతుంది. యేసు ఈ ఫిర్యాదును దాచిపెట్టలేదు. కథ నడిమధ్యలో నిలబెట్టాడు.

అయితే ఋణమాఫీకీ కృపకూ ఒక పెద్ద తేడా ఉంది. మాఫీకి అర్హత ఉంది. ఫలానా తేదీ, ఇన్ని ఎకరాలు, ఇంత గడువు. ఆ అర్హతే మనుషులను గోడ మీద రెండుగా చీల్చింది. కెలవరపల్లి రైతు నిజంగా కట్టాడు, నిజంగా నష్టపోయాడు. ఆయన ఫిర్యాదు న్యాయమైనది. క్రైస్తవ సిద్ధాంతం చెప్పేది వేరు. దేవుడి లెక్కలో పూర్తిగా కట్టినవాడు ఒక్కడూ లేడు, జాబితాలో అందరి పేర్లూ ఉన్నాయి అంటుంది. వాకిట్లో నిలబడ్డ పెద్ద కొడుకు కూడా తండ్రి ఇంటి అన్నమే తిని పెరిగినవాడు. అతని దగ్గర చాకిరీ లెక్క ఉంది, తిన్నదాని లెక్క లేదు. ఈ మాట ఒప్పుకుంటే ‘కట్టినవాడి సంగతేమిటి’ అన్న ప్రశ్న తలకిందులవుతుంది. ఒప్పుకోవడమే కష్టం. ముఖ్యంగా వాయిదాలు తప్పనివాళ్లకు.

ఇక రెండో అనుమానం. ఉచితం అంటే ఎవరూ కట్టలేదనా? మా వృత్తిలో రైటాఫ్, మాఫీ అని రెండు మాటలున్నాయి. పత్రికలు రెంటినీ కలిపేస్తుంటాయి. రైటాఫ్ చేస్తే పద్దు బ్యాంకు ఆస్తుల లెక్కలోంచి పోతుంది గాని, బాకీ పోదు. వసూలు సాగుతూనే ఉంటుంది. మాఫీలో బాకీదారు నిజంగా విడుదలవుతాడు. కాని ఆ సొమ్మును ఇంకొకరు కట్టాలి. 2008లో కేంద్ర ప్రభుత్వం బ్యాంకులకు విడతలుగా చెల్లించింది. అంటే పన్ను కట్టినవాళ్లు చెల్లించారు. తీసుకున్నవాడికి ఉచితమైనది ఎవరికో ఒకరికి ఖర్చు.

దీనికి మన కళ్ల ముందే ఉదాహరణ ఉంది. నంది కొండల్లో పుట్టిన దక్షిణ పినాకిని బెంగళూరు పక్కల నుంచి వచ్చి కెలవరపల్లి డ్యాములో చేరుతుంది. పైన నగరం మురుగునూ, కార్ఖానాల రసాయనాలనూ ఊరికే నదిలో వదులుతుంది. వదిలినవాళ్లకు ఖర్చు లేదు. ఈ మధ్య ఏళ్లలో వానలు పడి గేట్లు ఎత్తినప్పుడల్లా కెలవరపల్లి కింద కొండంత నురుగ లేస్తున్నది. ఆ ఖర్చు కడుతున్నది ఎడమ, కుడి కాలువల కింద సేద్యం చేసుకునేవాళ్లు. పైన చేసినదాని భారం కింద ఉన్నవాడి మీద పడుతుంది. ఇక్కడ ఎవరూ ఇష్టపడి మోయడం లేదు, బలవంతంగా మోస్తున్నారు. అందుకే దీన్ని అన్యాయం అంటాం.

ఇంకొకడి బాకీని ఇష్టపడి మోసేవాడిని పూటకాపు అంటారు. కాంట్రాక్టు చట్టం ప్రకారం జామీనుదారు బాధ్యత అసలు బాకీదారు బాధ్యతకు సమానం. బాకీదారు కట్టకపోతే జామీనుదారు పైసాతో సహా కట్టాలి. స్నేహితుడి కోసం సంతకం పెట్టి సొంత చేను పోగొట్టుకున్నవాళ్లను మా వృత్తిలో చూస్తూనే ఉంటాం. క్రైస్తవులు సిలువ గురించి చెప్పేది ఇదే. బాకీ కాగితం చించిపారేయలేదు, పూటకాపు చెల్లించాడు. ఆ మాటను నమ్మేదీ నమ్మనిదీ ఎవరి ఇష్టం వారిది. కాని ‘ఊరికే’ అన్న మాటలో ‘చవక’ అన్న అర్థం మాత్రం లేదు.

మూడో అనుమానం చదువుకున్నవాళ్లది. విశ్వసించిన వాళ్లకే రక్షణ అంటారు కదా, అప్పుడు విశ్వాసమే వెల అయింది కదా, ఉచితం ఎక్కడ? దీనికి నాకు జవాబు దొరికింది చట్టం పుస్తకంలో. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 25వ సెక్షన్ ప్రకారం ప్రతిఫలం లేని ఒప్పందం సాధారణంగా చెల్లదు. లోకవ్యవహారం అంతా ఈ సెక్షన్ మీద నడుస్తుంది. కాని అదే చట్టంలో 63వ సెక్షన్ ఉంది. రావలసినవాడు తన ఇష్టంతో బాకీని కొంతగాని, మొత్తంగాని వదులుకోవచ్చు, దానికి ప్రతిఫలం అక్కరలేదు. ఇక 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో దానానికి చెప్పిన నిర్వచనంలో రెండు మాటలున్నాయి. ప్రతిఫలం ఉండకూడదు; పుచ్చుకునేవాడు అంగీకరించాలి. అంగీకారం లేకపోతే దానం పూర్తి కాదు. అయినా దానపత్రం అందుకోవడానికి చాచిన చెయ్యిని ఏ కోర్టూ ఆ ఆస్తికి వెలగా లెక్కగట్టదు. విశ్వాసం అంటే ఆ చాచిన చెయ్యి.

ఈ తర్కం మన వైష్ణవులకు కొత్త కాదు. పక్కనున్న కంచి, శ్రీరంగాల్లో వందల ఏళ్లు నడిచిన వాదమే ఇది. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకోవాలి. పిల్లిపిల్లను తల్లే నోట కరుచుకుపోతుంది. వేదాంత దేశికుల సంప్రదాయం జీవుడి వైపు నుంచి ఏదో ఒక వ్యాజం ఉండాలన్నది. పిళ్ళై లోకాచార్యుల సంప్రదాయం కృప నిర్హేతుకం అన్నది. కాని కోతిపిల్ల పట్టు తల్లికిచ్చే కూలి అని వడకలైవాళ్లు సైతం అనలేదు. జర్మన్ పండితుడు రుడాల్ఫ్ ఓటో 1930లో ఈ కృపామతాన్నీ క్రైస్తవాన్నీ పక్కపక్కన పెట్టి ఒక పుస్తకమే రాశాడు.

కూలినీ కృపనూ కలిపితే ఏమవుతుందో ఐరోపా చూసింది. పాపశిక్ష తగ్గింపు పత్రాలు డబ్బుకు అమ్ముతున్న రోజుల్లో, 1517లో మార్టిన్ లూథర్ ఎదురు తిరిగాడు. ఆ చీలిక నుంచే ప్రొటెస్టెంటు సంఘాలు పుట్టాయి. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో కేథలిక్కులూ లూథరన్లూ ఈ విషయం మీద ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేసేదాకా దాదాపు అయిదు వందల ఏళ్లు పట్టింది.

కూలినీ కృపనూ విడివిడిగా ఉంచిన ఉదాహరణ మన తెలుగు నేలలోనే ఉంది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1876–78 కరవులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఆకలితో వచ్చిన వేలమందికి పని ఇచ్చి కూలి ఇచ్చాడు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. బాప్తిస్మం ఇమ్మని అడిగినవాళ్లకు మాత్రం కరవు పనులు సాగినంతకాలం ఇవ్వనన్నాడు. తిండి కోసం చేరారన్న మాట రాకూడదన్నది ఆయన పట్టుదల. పనులు ముగిశాయి. పంచడానికి కూలి లేదు, గింజలు లేవు. అప్పుడు జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్ల మనసుల్లో కృతజ్ఞత ఉండి ఉంటుంది, మనిషిగా చూశారన్న తృప్తి ఉండి ఉంటుంది. ఏ మనిషి ఉద్దేశమూ కలగాపులగం కాకుండా ఉండదు. కాని ఇచ్చినవాడు మాత్రం రెండు పద్దులు వేరువేరుగా రాశాడు. కష్టానికి కూలి ఒక పద్దు, అది హక్కు. రెండోది హక్కు కాదు, అందువల్లే అమ్మకానికీ లేదు.

చివరిగా మా మేనేజర్లందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. ఊరికే మాఫీ చేస్తే రేపు ఎవడు కడతాడు? తమిళనాడు ప్రభుత్వం 2021లో సహకార సంఘాల పంట ఋణాలు 12,110 కోట్లు రద్దు చేసినప్పుడూ ఈ మాటే వినిపించింది. మతంలోనూ ఈ ప్రమాదం ఉందని క్రైస్తవులే చెప్పారు. హిట్లరును ఎదిరించి 1945 ఏప్రిల్‌లో ఉరికంబమెక్కిన పాస్టరు బోన్‌హోఫర్, మనిషిని ఏమీ మార్చని కృపను చౌకబారు కృప అని 1937లోనే నిందించాడు.

మత్తయి సువార్తలో దీనికి లెక్కతో కూడిన కథ ఉంది. ఒక దాసుడికి రాజు పదివేల తలాంతుల బాకీ మాఫీ చేశాడు. ఒక తలాంతు సుమారు ఆరువేల దేనారాలు, దేనారం ఒక రోజు కూలి. అంటే ఆరు కోట్ల రోజుల కూలి. ఏడాదికి మూడు వందల పనిదినాల చొప్పున రెండు లక్షల ఏళ్లు కష్టపడినా తీరని బాకీ. ఆ దాసుడు బయటికి వచ్చి తనకు నూరు దేనారాలు బాకీ ఉన్న తోటివాడి గొంతు పట్టుకున్నాడు. ఆరు లక్షల్లో ఒక వంతు! రాజు అతని మాఫీని రద్దు చేశాడు. మొదట వెల అడగని రాజు చివర ఎందుకు అడిగాడు? కృప చేరిన చోట దాని గుర్తు కనిపించాలి గనుక అని నాకు తోస్తుంది. ఆ గుర్తు గుడికి వెళ్లడం కాదు, కానుక వేయడం కాదు. తనకు బాకీ ఉన్నవాడి గొంతు మీద నుంచి చెయ్యి తీయడం.

ఇంత చదివాక నాకు అర్థమైనది ఒక్కటే. ఉచితంగా ఇవ్వడం కంటే ఉచితంగా పుచ్చుకోవడం కష్టం. దొంగకూ దివాలా తీసినవాడికీ చెయ్యి చాచడం సులభం, వాళ్లకు వేరే దారి లేదు. వాయిదా తప్పనివాడికి, ఎవరి దగ్గరా మాట పడనివాడికి చెయ్యి చాచాలంటే తన పద్దు పుస్తకం కింద పెట్టాలి. పెద్ద కొడుకు కథను లూకా పూర్తి చేయలేదు. తండ్రి బయటికి వచ్చి బతిమాలుతాడు, కథ అక్కడ ఆగిపోతుంది. వాడు లోపలికి వెళ్లాడో లేదో రాయలేదు. లోపల విందు సాగుతున్నది, తలుపు తీసే ఉంది. వెళ్లడమా మానడమా అన్నది వాడికే వదిలేశాడు.