ఒక్క పుల్ల

ఢిల్లీ జూకి జంతువుల కోసం కాకుండా చెట్ల కోసం వెళ్లేవాళ్లు కొందరున్నారు. ఆగస్టు దాటిందంటే చాలు, భుజాన పొడవాటి లెన్సులు తగిలించుకుని, పులినీ ఏనుగునూ పట్టించుకోకుండా తిన్నగా చెరువు గట్టుకు నడుస్తారు. ఓ సెప్టెంబరులో నేనూ అరువు కెమెరాతో వాళ్ల పక్కన చేరాను.

నీటి మధ్య దిబ్బల మీద సర్కారు తుమ్మలు. వాటి నిండా ఎర్రకాళ్ల కొంగలు. ఇవి జూవాళ్లు పెంచుకునేవి కావు. 1959లో జూ తెరిచారు, మరుసటి ఏడాదే ఇవి వచ్చి గూళ్లు పెట్టాయి. ఎవరూ పిలవలేదు. అప్పట్నుంచి వానాకాలం చివర్లో రావడం, పిల్లలకు రెక్కలొచ్చాక వెళ్లడం. మన తేలినీలాపురంలో, వీరాపురంలో దిగేవీ ఈ కొంగలే.

మగపక్షి ముందుగా ఓ కొమ్మ చూసుకుని నిలబడుతుంది. రెక్క కింద ముక్కు పెట్టి ఈకలు సవరించుకుంటుంది. సవరించుకున్నట్టు నటిస్తుంది అనాలేమో. ఆడపక్షి రెక్కలు చాచి, తల వంచి, ముక్కు కొద్దిగా తెరిచి దగ్గరికొస్తుంది. ఒప్పుకోలు అంత తొందరగా కుదరదు. కుదిరాక ఇక పుల్లల పని. నేను చూసినంతసేపూ ఒక్కో రాకకు ఒక్క పుల్లే. దాన్ని అందించడం, అందుకోవడం, రెండూ కలిసి ఇటూ అటూ జరిపి పెట్టడం.

ఆ తల వంచే క్షణం కోసం రెండు గంటలు కాచుకున్నాను. తీరా అది వచ్చేసరికి నేను స్క్రీన్ మీద అంతకు ముందు తీసిన ఫొటోలు బాగా వచ్చాయో లేదో చూసుకుంటున్నాను. పక్కనున్న పెద్దాయన నవ్వి, "గయా" అన్నాడు, పోయిందని.

నేస్తం, నీకూ ఇలాగే జరుగుతోందా? రాత్రి మెట్రో దిగి నడుస్తుంటే పొద్దున ఆఫీసులో అనేసిన మాట ఓ పక్క, వచ్చే నెల ఈఎంఐ ఇంకో పక్క, ఊళ్లో నాన్న షుగర్ రిపోర్టు మరో పక్క లాగుతుంటే, ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్న పిల్ల ముఖం సరిగ్గా చూశావా?

బైబిల్లో యిర్మీయా ప్రవక్త కూడా సంకుబుడి కొంగను తలచుకున్నాడు, దానికి తన కాలం తెలుసని. ఆయన చూసింది వేరే జాతి కొంగ, ఆ మాటన్నది కూడా జనాన్ని మందలించడానికే. అయినా అలసిపోయినవాళ్ల చెవికి అది ఓదార్పులా వినిపిస్తుంది. హీబ్రూలో ఆ కొంగ పేరు హసీదా. కృప అనే మాటకు చుట్టం.

ఈ ఎర్రకాళ్ల కొంగ చేపను చూసి పట్టదు, తెలుసా? మసక నీళ్లలో ముక్కు తెరిచి ఉంచి అడుగులేస్తుంది. చేప తగిలిందా, టక్కున మూస్తుంది. అడుగున ఏముందో దానికి కనబడదు. కానీ పిల్లలు పుట్టే వేళకు వాననీటిలో చేపలు పెరిగి ఉంటాయి. ఆ వేళను కుదిర్చిన చెయ్యి నీ వచ్చే నెలను మరిచిపోతుందా?

అక్టోబరులో మళ్లీ వెళ్లాను. గూళ్లలో పిల్లలున్నాయి. మధ్యాహ్నం ఎండకు ఓ పెద్ద కొంగ రెక్కలు రెండూ విప్పి పిల్లల మీద గొడుగులా నిలబడింది. తల్లో తండ్రో, నాకు తేడా తెలియలేదు. పాపం, నోరు తెరిచి రొప్పుతోంది కానీ కదల్లేదు. కింద పిల్లలు తల పైకెత్తి కూడా చూడకుండా నిద్రపోతున్నాయి. ఆ రోజు ఫొటో తీయలేదు. నిన్ను కాసే దేవుడు కూడా నువ్వు చూస్తున్నావో లేదో లెక్కపెట్టుకోడు.

ప్రభువా, గూడంతా ఇవాళే కట్టాలనే తొందర నా నుంచి తీసెయ్యి. ఇవాళ్టికి ఒక్క పుల్ల చాలు.

నా పుల్ల ఏమిటో చెప్పనా? సాయంత్రం ఇల్లు చేరాక నాన్నకు ఫోన్ చేస్తాను. రిపోర్టు సంగతి అడగను. అన్నం తిన్నావా, ఏం కూర అని అడుగుతాను.