దొడ్డిలోని ధర్మము

భారతమున అరణ్యపర్వమునందు, కౌశికుడను బ్రాహ్మణుడు ధర్మసూక్ష్మము నెరుగగోరి మిథిలానగరమునకు బోయి, మాంసపుటంగడిలో గూర్చున్న ధర్మవ్యాధుని ముందు శిష్యుడై నిలిచెను. తాను చంపకున్నను, పరులు చంపిన పందుల మాంసమును, దున్నల మాంసమును అమ్ముకొనుచుంటినని ఆ వ్యాధుడు దాచక చెప్పెను. ఆ కథ చదివినప్పుడెల్ల నాకొక ప్రశ్న పొడమును: వధకై పెంచబడు జంతువునకు, పెంచువాడు ఋణపడియుండునా?

మన యూళ్ల చివర రెండు మూడు పందులతో బ్రతుకు నీడ్చు ఎరుకల యిల్లాలిని చూడుడు. హోటళ్ల నుండి తెచ్చిన ఎంగిలి యన్నమును డేగిసాలో పోసి, అరగంటసేపు తెర్లనిచ్చి, చల్లారిన పిమ్మట తవుడు కలిపి తొట్టిలో పోయును. కట్టెల ఖరీదు ఆమెకు భారమే. అయినను మరగని కుడితితో రోగము దొడ్డిలోనికి వచ్చునని ఆమె యెరుగును. తల్లిపాలలో ఇనుము చాలదు గనుక, పుట్టిన మూడవనాడే పిల్లలకు సూదిమందు వేయించును. కొత్తగా కొన్న పందిని కొన్ని వారములు వేరుగా నుంచును. ఇంతవరకు స్వార్థమును ధర్మమును ఒకే త్రోవన నడచును.

అవి విడిపోవుచోటు వేరు. 2020లో అస్సామున బయటపడిన ఆఫ్రికా పందిజ్వరమునకు చికిత్స లేదు. మేత మాని, చెవులు కందిపోయి, మూలనొదిగిన పందిని రాత్రికి రాత్రి సంతకు తోలినచో యజమాని నష్టము కొంత తీరును, పొరుగు దొడ్లు మాత్రము పాడుపడును. ఆ రాత్రి లాభమును విడిచి, తెల్లవారగనే పశువైద్యశాలకు కబురంపువాడే ధర్మవ్యాధుని వారసుడు.

అయితే ధర్మభారమంతయు ఆ పేదవాని తలపైననే మోపుట న్యాయము కాదు. మరుగుదొడ్లు లేని వాడలో మనుష్యుని మలము నుండియే బద్దెపురుగు గ్రుడ్లు పందికి సోకును. నింద మాత్రము పందికిని, దాని కాపరికిని దక్కును. సింహాచలమున వరాహనరసింహుని చందనముతో నర్చించు మనము, ఆ కాపరి గుమ్మము త్రొక్కుటకు సంకోచింతుము. నిజము చెప్పినవాడు నిలువున మునుగు చోట నిజమును ఆశించుట అధర్మము. కావున రోగమును దాచనివానికి పరిహారము ఆలస్యము లేక అందవలెను. పశువైద్యుడు ఆ దొడ్డి వాకిట నిలువవలెను. ఆ జంతువునకు పెంచువాడు ఋణపడియున్నాడు. అతనికి మనము ఋణపడియున్నాము.