బండి కింద వెలుతురు

మా నాయన మద్రాసులో లోకో షెడ్డు ఫిట్టరు. పెరంబూరు తెలుగు ఇళ్లలో ఇదేమంత విశేషం కాదు. మా వీధిలో ఏ తలుపు తట్టినా రైలు కబురే. అరవై దాటాక నేను, నాయన మరమ్మతు చేసిన ఇంజనును మూరెడు కూడా లేని ప్రమాణంలో చేసి చూసుకోవాలనుకున్నాను. చేశాను. చేసి అబద్ధమాడాను. ఆ అబద్ధం ఎక్కడ మొదలైందో నాకే సరిగా తెలియక ఇది రాస్తున్నాను.

నాయన చేతిమీదుగా పోయినవి డబ్ల్యూపీలు. 1947లో అమెరికాలోని బాల్డ్విన్ వాళ్ల దగ్గరనుంచి మొదటివి వచ్చాయి. మొత్తం 755 తయారయ్యాయి, వాటిలో కొన్ని మన చిత్తరంజన్‌లోనే. ముందు తుపాకి గుండులాంటి ముక్కు, దానిమీద నక్షత్రం. అటువంటి దానికి కిట్టు నాకు దొరకలేదు. దొరికింది ఇంగ్లీషు ఇంజనుది. లండనులో ఉన్న మేనల్లుడు 2016లో తెచ్చిచ్చాడు. ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ తరగతి, 1920లలో నైజెల్ గ్రెస్లీ రూపొందించినది. దీనికీ డబ్ల్యూపీకీ చక్రాల వరస ఒకటే: ముందు నాలుగు, నడుమ ఆరు పెద్దవి, వెనక రెండు. ముక్కు ఒకటి తగిలిస్తే చాలదా అనుకున్నాను.

కిట్టంటే పిల్లల ఆటవస్తువని అనుకునేవాళ్లకు ఒక మాట. పెట్టెలో ఉండేది ఇంజను కాదు. పల్చటి ఇత్తడి రేకులు, వాటిమీద మడవవలసినచోట సగం లోతు దాకా తినిపించిన గీతలు, మెత్తటి తెల్లలోహంలో పోతపోసిన గుమ్మటం, పొగగొట్టం, గుప్పెడు మరలు. నాయన వాడిన టంకం కడ్డీతోనే పని మొదలుపెట్టాను. ఆ తెల్లలోహం తక్కువ వేడికే కరిగిపోతుంది. దానికి 70 డిగ్రీల దగ్గర కరిగే టంకం వేరే ఉంటుందని, గుమ్మటం కళ్లముందే జావ అయిపోయిన తరవాత తెలుసుకున్నాను. నాయన ఉంటే నవ్వేవాడు కాదు, కడ్డీ లాక్కునేవాడు.

అన్నిటికంటే కష్టం చక్రాలు. మామూలుగా ఆవిరి ఇంజనుకు కుడివైపు క్రాంకు, ఎడమవైపు క్రాంకు పావు చుట్టు తేడాతో ఉంటాయి. ఒకవైపు పిస్టను చివరికొచ్చి నిలిచిపోయే క్షణంలో రెండోది లాగాలి గనక. బొమ్మలో ఆవిరి లేదు, కడుపులో విద్యుత్ మోటారు. అయినా మూడు ఇరుసులకూ ఆ పావు చుట్టు ఒకే తీరుగా కుదరకపోతే కడ్డీలు పట్టేసి బండి కుంటుతుంది. పదకొండు రాత్రులు పట్టింది నాకు. ఎవరో గీసిన గీతమీద మడిచిన రేకును నేను చేశాననడానికి నోరు రాదు గాని, ఆ చక్రాలను నేనే కుదిర్చాననడానికి ఇప్పటికీ సంకోచించను.

ఇక పట్టాల సంగతి. ఈ ప్రమాణంలో అడుగుకు నాలుగు మిల్లీమీటర్లు. పట్టాల మధ్య ఎడం 16.5 మిల్లీమీటర్లు. లెక్కకట్టి చూస్తే అది నిజంలో 1257 మిల్లీమీటర్లవుతుంది, ఇంగ్లండులో ఉన్నదేమో 1435. వాళ్ల ఇంజన్లు సన్నం, ఆనాటి మోటార్లు వాటిలో పట్టక ఒంటిని పెంచి పట్టాలను మాత్రం ఉన్నంతలోనే ఉంచేశారు. మన బ్రాడ్‌గేజి 1676, దాన్ని ఆ పట్టాలమీద నిలబెడితే అన్యాయం మరీ ఎక్కువ. ఐనా ఈ అబద్ధం ఎవరినీ మోసగించదు. కొనేవాడికీ తెలుసు, అమ్మేవాడికీ తెలుసు. నవరాత్రి కొలువులో మట్టి శెట్టిగారి ముందు పిడికెడు బియ్యం పోసినప్పుడు ఆయన నిజంగా కొట్టు తెరిచాడని ఎవరనుకుంటారు?

నా తప్పు అలాటిది కాదు. ముక్కు తగిలించాను, నక్షత్రం దిద్దాను. అక్కడితో ఆగితే కొలువు బొమ్మే. తరవాత పక్కన ఏడు వేలలో ఒక అంకె రాసి, మనవడితో ‘ఇది మీ ముత్తాత బాగుచేసిన బండిరా’ అన్నాను. వాడు దాన్ని రెండు చేతులా ఎత్తుకున్న తీరు చూస్తే, నిజం చెప్పడమే పాపమనిపించింది. వాడి సంతోషంలో కల్తీ ఏముంది, నష్టం ఎవరికి, అని నాకు నేనే చాలాసార్లు సర్దిచెప్పుకున్నాను. నష్టం నాయనకని అప్పట్లో తట్టలేదు. ఆయన ఇరవై ఏళ్లు పడుకుని చూసిన ఇంజను అడుగుభాగం నాకు అక్కరలేకపోయింది, ముక్కుతోనే సరిపెట్టుకున్నాను.

నాయన దగ్గర పని నేర్చుకున్న బాబాయి ఒకాయన ఉన్నాడు. ఎనభై దాటాడు, చెవులు వినబడవు, షెడ్డులోనే పోయాయి. ఒకనాడు వచ్చి, కళ్లజోడు సర్దుకుని, బల్లమీది బండిని పక్కనుంచి చూశాడు. ముక్కు వైపు చూడనేలేదు.

‘ఇది మనది కాదబ్బాయ్. చక్రం పెద్దదయింది. బండి కింద వెలుతురు లేదు.’

ఆయనన్నది నిజం. డబ్ల్యూపీ పెద్ద చక్రం 5 అడుగుల 7 అంగుళాలు, ఆ ఇంగ్లీషు దానిది 6 అడుగుల 8 అంగుళాలు. ఇంగ్లీషు దాని చట్రం నిలువు పలక, చూపు దాటదు. అమెరికా తరహా డబ్ల్యూపీది లావుపాటి కమ్మీల చట్రం, సందులు ఉంటాయి.

ఆ రాత్రే అంకె చెరిపేశాను. ముక్కు ఊడదీయడానికి మరో వారం పట్టింది, అది బాగా కుదిరింది మరి. ఇప్పుడది ఆకుపచ్చ రంగు వేసుకున్న ఇంగ్లీషు బండి, పేరు కూడా దానిదే. మనవడికి జరిగింది చెప్పాను. కోపం తెచ్చుకోలేదు, ‘అయితే ముత్తాత బండి ఎలా ఉంటుంది?’ అన్నాడు. నేను బొమ్మ గీయబోయాను. మళ్లీ ముక్కు దగ్గరే మొదలుపెడుతున్నానని చూసి కలం పక్కన పెట్టాను.

ఆదివారం వాణ్ణి బాబాయి ఇంటికి తీసుకెళ్లాను. ఆయన రెండు చేతుల వేళ్లూ విడదీసి ఒకదాని ఎదుట ఒకటి పెట్టి, ‘ఇదీ చట్రం. ఇక్కడినుంచి చూస్తే అవతలి ప్లాట్‌ఫారంమీద మనుషుల కాళ్లు కనబడేవి’ అన్నాడు. పిల్లవాడు నేలమీద బోర్లా పడుకుని, ఆ వేళ్ల సందున కన్ను పెట్టి, ‘మీ చెప్పులు కనిపిస్తున్నాయి తాతా’ అని నాకు కేకేశాడు.