చేప తిను నాయనా, ఉడకనిచ్చి తిను

నాయనా, చేప తినొద్దని నేననడం లేదు. సంగటి ముద్దలోకి చేపల పులుసు మనకు కొత్తా? సుంకేసులలో పట్టిందైనా, మైలవరం డ్యామ్‌లో పట్టిందైనా కడుపారా తిను. ఉడకనిచ్చి తిను, అంతే.

నా భయమల్లా మీ తొందర గురించే. సెలవొస్తే గండికోటకు పోతారు, నాలుగు పుల్లలు రాజేసి చేపను మంట మీద పెడతారు. పైన మాడగానే అయిపోయిందనుకుంటారు. వెన్నుముల్లు దగ్గర విప్పి చూడు, కండ ఇంకా ఎర్రగా, జిగటగా ముల్లును పట్టుకునే ఉంటుంది. అది తెల్లబడి, పొరలుగా విడిపోయేదాకా దించొద్దు.

బెంగళూరులో ఉద్యోగాలకు పోయినోళ్లు పచ్చి చేప సుషీ కూడా తింటున్నారంట. ఇంకొందరు నిమ్మకాయ పిండాం, కారం పట్టించాం, ఏం కాదంటారు. పులుపుకూ కారానికీ చేపలోని పురుగు చావదు నాయనా, వేడికి చస్తుంది. లోపలి కండకు 63 డిగ్రీల వేడి తగలాలి. పచ్చిగా తినాలంటే ముందు మైనస్ 20 డిగ్రీల్లో 7 రోజులు గడ్డకట్టించి ఉండాలి. ఇంట్లో ఫ్రిజ్‌ను నమ్ముకుని ఆ పని చేయొద్దు.

సముద్రపు చేపల్లో అనిసాకిస్ అనే సన్నటి పురుగు పిల్ల ఉంటుంది. పచ్చిగా తింటే మన కడుపు గోడలోకో, పేగు గోడలోకో దూరుతుంది. మనలో పెరగలేక అక్కడే చస్తుంది. అరికాల్లో తుమ్మముల్లు విరిగి ఉండిపోతే చుట్టూ ఎట్లా వాస్తుందో, పేగూ అట్లే వాస్తుంది. నెదర్లాండ్స్‌లో ఉప్పు పట్టించిన పచ్చి హెర్రింగ్ చేప తిన్నవాళ్ల పేగుల్లో ఈ పురుగుందని 1960లో డాక్టర్లు లోకానికి చెప్పారు. 1968లో అక్కడ ఆ చేపను గడ్డకట్టించాకే అమ్మాలని నియమం పెట్టారు.

మృగశిర కార్తెకు హైదరాబాదులో చేప మందని బతికున్న కొర్రమీను పిల్లను మింగడానికి జనం బారులు తీరతారు. కొర్రమీనులో నాథోస్టోమా అనే ఇంకో పురుగు ఉండొచ్చు. ఉడకకుండా లోపలికి పోతే అది చర్మం కింద తిరుగుతూ వాపులు తెస్తుంది. పోయేముందు నీ డాక్టరును ఒక మాట అడుగు.

పేగువాపులన్నీ చేప వల్లే వస్తాయని కాదు. కానీ అనిసాకిస్ తెచ్చే వాపు ఒక్కోసారి అపెండిక్స్ నొప్పిలా, ఒక్కోసారి క్రోన్స్ జబ్బులా కనబడి డాక్టర్లనే తికమక పెడుతుంది. అందుకే కడుపులో మెలిపెడితే మెడికల్ షాపులో గ్యాస్ మాత్ర కొని మింగి ఊరుకోవద్దు. డాక్టరు దగ్గరకు పో. ఏ చేప, ఎప్పుడు, ఎట్లా తిన్నావో చెప్పు. అమ్మ తిడుతుందని దాచొద్దు. పురుగు కడుపులోనే ఉంటే ఎండోస్కోపీతో పట్టి తీసేస్తారు. నువ్వు చెప్పకపోతే ఎక్కడని వెతుకుతారు?

నువ్వు దించిన గిన్నెలోనే నీ తమ్ముడూ చెల్లెలూ తింటారు. ఆకలికి ఓర్చుకో. పది నిమిషాలకు తొందరపడి నెలల తరబడి ఆస్పత్రుల చుట్టూ తిరగొద్దు. ఇంకాసేపు పొయ్యి మీద ఉండనీ నాయనా, ఉడకనీ.